గ్రాఫులో అక్షరం ఎంత, చుక్క ఎంత: ముందు స్కేలు తీయండి

ఉద్దానం బోరు నీళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్న ఒక అమ్మాయి మొన్న టెక్కలి నుంచి నాకు ఆరు గ్రాఫులు పంపింది. "అక్కా, ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి, థీసిస్‌లో పెట్టేసరికి అక్షరాలు చీమ తలకాయంత అయిపోతున్నాయి, ఫాంట్ ఎంత పెట్టమంటావు?" అని అడిగింది. నాకు నా వైవా గుర్తొచ్చింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన నా మూడో చాప్టరులోని పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పైకెత్తి, వెలుతురుకు పెట్టి చూసి, "ఇది ఒకటా ఏడా అమ్మా?" అన్నారు. రెండేళ్లు ఎండలో నాగావళి గట్టు వెంట తిరిగి తెచ్చిన లెక్క అది, ఎదుటి మనిషికి కనబడలేదు. అప్పటి బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఈ విషయం ఎవరు అడిగినా కూర్చోబెట్టి మరీ చెబుతాను.

ఆ అమ్మాయికి కూడా ముందు ఫాంట్ నంబరు చెప్పలేదు, ఒక ప్రశ్న వేశాను. ఈ బొమ్మ కాగితం మీద ఎన్ని అంగుళాల వెడల్పున పడుతుంది? తెలియదు అంది. తెలియనంత కాలం ఏ నంబరు పెట్టినా గుడ్డి లెక్కే.

ఎందుకో చెప్తాను. ఫాంట్ సైజుకి, గుర్తు సైజుకి, గీత మందానికి ఈ సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ వాడే కొలత పాయింటు. 72 పాయింట్లు అంటే ఒక అంగుళం, అంటే పాయింటు నిజమైన కొలతే, మి.మీ. లాగా స్కేలుతో కొలవచ్చు. కానీ మీరు బొమ్మని తయారుచేసిన సైజులోనే కాగితం మీద పెట్టినప్పుడే అది నిజం. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి మనం ఏమీ చెప్పకపోతే 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తుతో బొమ్మ గీస్తుంది, అందులో అక్షరం 10 పాయింట్లు, చుక్క 6 పాయింట్లు, గీత 1.5 పాయింట్లు. దాన్ని మీరు వర్డ్‌లోకి తెచ్చి మూల పట్టుకుని లాగి 3.2 అంగుళాలకి కుదించారనుకోండి, అక్షరం 5 పాయింట్లకి, చుక్క 3కి, గీత 0.75కి పడిపోయింది. ప్రోగ్రాములో మాత్రం ఇంకా 10 అనే రాసి ఉంటుంది. తప్పు ఎక్కడుందో వెతికితే దొరకదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు, మూల పట్టుకుని లాగిన చేతిలో ఉంది.

కాబట్టి మొదటి పని స్కేలు తీసి కొలవడం. ఏ4 కాగితం వెడల్పు 210 మి.మీ. బైండింగ్ కోసం ఎడమ వైపు అంగుళంన్నర, కుడి వైపు అంగుళం వదిలితే మిగిలేది సుమారు 146 మి.మీ., అంటే అటూ ఇటూగా 5.75 అంగుళాలు. మీ డిపార్ట్‌మెంటు మార్జిన్ వేరైతే మీ లెక్క మీరు వేసుకోండి. థీసిస్‌లో పేజీ నిండా పెట్టే గ్రాఫు అయితే ఫిగ్‌సైజ్ (బొమ్మ వెడల్పు, ఎత్తు అంగుళాల్లో చెప్పే చోటు) దగ్గర 5.7, 3.8 అని రాయండి, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాలంటే ఒక్కోటి 2.8. పత్రికకి పంపుతుంటే వాళ్లే చెబుతారు: నేచర్‌లో ఒక కాలమ్ 89 మి.మీ., రెండు కాలమ్‌లు 183. ఎల్సెవియర్ పత్రికల్లో ఒక కాలమ్ 90, రెండు కాలమ్‌లు 190. 25.4తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. 89 మి.మీ. అంటే మూడున్నర అంగుళాలు, అంతే, మన అరచేయంత కూడా ఉండదు. అంత చోటులో ఎనిమిది గీతలు, పది లేబుళ్లు ఇరికించాలని చూస్తేనే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

ఇక అక్షరం ఎంత ఉండాలి. థీసిస్‌లో యాక్సిస్ పేర్లకి 10, యాక్సిస్ గీట్ల పక్కన పడే టిక్ నంబర్లకి 9, ఏ గుర్తు దేనిదో చెప్పే లెజెండ్‌కి 9, ఇది నేను వాడేది. పత్రికలో అయితే 8 దగ్గర మొదలుపెట్టి 7 కంటే కిందికి వెళ్లను. నేచర్ వాళ్లు 5 నుంచి 7 పాయింట్లు అంటారు, ఎల్సెవియర్ మామూలు అక్షరానికి 7, పైన కింద వేసే చిన్న అంకెలకి 6 అంటుంది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ పాయింట్లు చెప్పకుండా పెద్ద అక్షరాలూ అంకెలూ కనీసం 2 మి.మీ. ఎత్తు ఉండాలంటుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే డేజావూ శాన్స్ ఫాంటులో 8 పాయింట్లు పెడితే పెద్ద అక్షరం ఎత్తు దాదాపు సరిగ్గా 2 మి.మీ. వస్తుంది, అందుకే నాకు 8 అనే నంబరు మీద నమ్మకం.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే, చుక్కలూ అండర్‌స్కోర్లూ చూసుకుని కొట్టండి.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చాలామంది చేసేదేమిటంటే ఎక్స్‌లేబుల్‌లో ఒక ఫాంట్‌సైజ్, వైలేబుల్‌లో ఇంకొకటి, లెజెండ్‌లో మరొకటి రాసుకుంటూ పోవడం. ఆరు గ్రాఫులయ్యేసరికి ఏది ఎంతో ఎవరికీ తెలియదు. దానికి బదులు ప్రోగ్రాము మొదట్లోనే ఆర్‌సీపారమ్స్‌లో, అంటే అన్ని గ్రాఫులకీ వర్తించే సెట్టింగుల పట్టీలో, ఫాంట్ డాట్ సైజ్ ఒక్కటి పెట్టండి. టైటిల్, లేబుల్, టిక్, లెజెండ్ అన్నీ దాన్నిబట్టే నడుస్తాయి, ఎందుకంటే వాటి సైజులు నంబర్లుగా కాకుండా మీడియం, లార్జ్ అనే మాటలుగా ఉంటాయి. లార్జ్ అంటే అసలు ఫాంటుకి 1.2 రెట్లు, స్మాల్ అంటే 0.833 రెట్లు. టైటిల్ లార్జ్, అందుకే అసలు ఫాంటు 10 అయితే టైటిల్ 12 వస్తుంది. థీసిస్‌లో బొమ్మ కింద ఎలాగూ క్యాప్షన్ ఉంటుంది కాబట్టి టైటిల్ తీసేయండి, ఆ చోటు డేటాకి ఇవ్వండి. తర్వాత ఎక్స్‌టిక్ డాట్ లేబుల్‌సైజ్, వైటిక్ డాట్ లేబుల్‌సైజ్, లెజెండ్ డాట్ ఫాంట్‌సైజ్ మూడింటికీ స్మాల్ అని రాస్తే సరిపోతుంది, అసలు ఫాంటు 10 అయితే అవి 8.3 వస్తాయి, పైన చెప్పిన 9కి దగ్గరే. ఈ వరసలన్నీ డాట్ ఎంపీఎల్‌స్టైల్ అనే ఫైల్లో పెట్టుకుని స్టైల్ డాట్ యూజ్ తో పిలిస్తే ఆరు గ్రాఫులూ ఒకే తీరుగా వస్తాయి, గైడ్ "అన్నీ కొంచెం పెంచు" అంటే ఒక్క చోట మారిస్తే చాలు.

ఆర్‌సీపారమ్స్‌లో కాకుండా ఒక్కో గ్రాఫులో టిక్ పారమ్స్‌తో సైజు మారిస్తే మొండికేసేవి రెండున్నాయి. ఒకటి యాక్సిస్ చివర పైన కనబడే గుణకం, అదే పదిలక్షలో ఇంకోటో అని చిన్నగా పడేది. అది మారకపోతే వైయాక్సిస్‌లో గెట్ ఆఫ్‌సెట్ టెక్స్ట్ అని తెచ్చుకుని దానికి సెట్ ఫాంట్‌సైజ్ ఇవ్వాలి. రెండోది కలర్‌బార్, అంటే ఏ రంగు ఏ విలువో చెప్పే పట్టీ, దానికి సొంత యాక్సిస్ ఉంటుంది కాబట్టి దాని టిక్ పారమ్స్ విడిగా మార్చాలి. ఈ రెండూ మర్చిపోయిన గ్రాఫులు నేను చాలా చూశాను, నావి కూడా.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే నంబరు, దాని గురించి ఒక మాట, దీని దగ్గర అందరూ తడబడతారు. అక్షరం చిన్నగా ఉందని డీపీఐ 100 నుంచి 300కి పెంచితే అక్షరం పెరగదు. పిక్సెళ్లు పెరుగుతాయి, 6.4 అంగుళాల బొమ్మ 640 పిక్సెళ్ల నుంచి 1920 పిక్సెళ్లవుతుంది, అంచులు నున్నగా వస్తాయి, అంతే. కాగితం మీద సైజు అంగుళాల్లో ఉంది, అక్షరం పాయింట్లలో ఉంది, రెండూ కదలవు. ప్రింటుకి 300 పెట్టండి, పీడీఎఫ్ తీయగలిగితే ఇంకా మంచిది, ఎంత పెద్దది చేసినా పగలదు.

బొమ్మ సేవ్ చేసేటప్పుడు బీబాక్స్ ఇంచెస్‌కి టైట్ అని ఇవ్వడం ఇంకో అలవాటు. అది చుట్టూ ఉన్న తెల్లచోటు కోసేస్తుంది, అంటే మీరు 5.7 అన్నది 5.3 అవుతుంది, దాన్ని లేటెక్‌లో (వర్డ్ బదులు థీసిస్ రాసుకునే సాఫ్ట్‌వేర్) టెక్స్ట్‌విడ్త్‌కి, అంటే మార్జిన్ల మధ్య వెడల్పుకి, సాగదీస్తే అక్షరం కూడా సాగుతుంది. ఆరు గ్రాఫుల్లో ఒక్కో దానికి ఒక్కోలా సాగుతుంది, అప్పుడు పేజీలు తిప్పుతుంటే అక్షరాలు ఒకచోట పెద్దగా ఒకచోట చిన్నగా కనిపిస్తాయి. లేబుళ్లు అంచు దాటకుండా ఉండాలంటే లేఅవుట్‌కి కన్‌స్ట్రెయిన్డ్ అని ఇవ్వండి, సైజు కదలకుండా లోపలే సర్దుతుంది. లేటెక్‌లో ఇంక్లూడ్‌గ్రాఫిక్స్‌కి విడ్త్ రాయకండి. వర్డ్‌లో అయితే బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సైజు పెట్టెలో స్కేలు 100 శాతం ఉందో లేదో చూడండి, ఉండకపోతే మీరు చేసినదంతా పోయినట్టే.

ఇప్పుడు చుక్కలు. నాకు ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే చుక్క సైజు అందం కోసమే అనుకుంటారు గానీ అది డేటా చెప్పే మాటని మార్చేస్తుంది.

ప్లాట్ కమాండ్‌లో మార్కర్‌సైజ్ అంటే చుక్క వెడల్పు, పాయింట్లలో. స్కాటర్ కమాండ్‌లో ఎస్ అంటే వైశాల్యం, పాయింట్ల వర్గంలో. అందుకే ప్లాట్‌లో 6 కి స్కాటర్‌లో 36 సమానం. స్కాటర్‌లో చుక్క రెండింతల వెడల్పు కావాలని ఎస్ 72 పెడితే రాదు, 144 పెట్టాలి. ఎస్ దగ్గర 6 అని రాసి "చుక్కలు కనబడటంలేదు" అని తలపట్టుకునేవాళ్లు ఏటా ఇద్దరైనా తగులుతారు.

ఈ వైశాల్యం లెక్క ఊరికే పెట్టింది కాదు. ఒక్కో ఊళ్లో ఎన్ని బోర్లు పరీక్షించామో చుక్క సైజులో చూపించాలనుకోండి, పది బోర్లున్న ఊరికి ఒక చుక్క, నలభై బోర్లున్న ఊరికి ఇంకో చుక్క. కన్ను చుక్క ఎంత చోటు ఆక్రమించిందో చూస్తుంది. వైశాల్యం నాలుగు రెట్లు పెడితే చూసేవాడికి నాలుగు రెట్లకి దగ్గరగా అనిపిస్తుంది, వెడల్పు నాలుగు రెట్లు పెడితే వైశాల్యం పదహారు రెట్లయి ఆ ఊరు మ్యాపునంతా మింగేస్తుంది. కాబట్టి సంఖ్యని నేరుగా ఎస్‌కి ఒక గుణకంతో ఇవ్వండి, పక్కన మూడు సైజుల చుక్కలతో ఏది ఎంతో చెప్పే లెజెండ్ కూడా పెట్టండి.

అన్ని గుర్తులూ ఒకే నంబరుకి ఒకేలా కనిపించవు, ఇది కూడా కన్నుతో చూసి సర్దాల్సిందే. ఒకే సైజులో చతురస్రం బరువుగా, త్రిభుజం తేలికగా, ప్లస్ గుర్తు ఇంకా పలచగా కనిపిస్తాయి. నేను చతురస్రానికి 5 పెడితే గుండ్రానికి 5.5, త్రిభుజానికి 6.5 పెడతాను. మార్కర్ దగ్గర డాట్ పెడితే వచ్చే చుక్క, చిన్న ఓ పెడితే వచ్చే గుండ్రంలో సగం వెడల్పే ఉంటుంది, సైజు నంబరు ఒకటే అయినా. బోలు గుర్తులకి అంచు మందం మార్కర్ ఎడ్జ్ విడ్త్ 1 దగ్గర ఉంచండి, జిరాక్స్‌లో పలచని అంచులు ఎగిరిపోతాయి. థీసిస్ కాపీలు సగం నలుపు తెలుపులోనే తీస్తాం కదా, ఎరుపు చుక్కా ఆకుపచ్చ చుక్కా ఒకే బూడిద రంగులోకి దిగుతాయి, అందుకని రంగుతో పాటు ఆకారం కూడా మార్చండి.

మరీ ఎక్కువ చుక్కలుంటే? నాగావళి నీటిమట్టం రోజుకొకటి చొప్పున అయిదేళ్లు తీసుకుంటే 1826 చుక్కలు. 5.7 అంగుళాల బొమ్మలో గీసే చోటు అయిదు అంగుళాలు, అంటే 360 పాయింట్లు. ఒక్కో రోజుకి వచ్చేది 0.2 పాయింటు, మీ చుక్క వెడల్పు 6 పాయింట్లు, అంటే ఏ చోట చూసినా ముప్ఫై రోజులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అక్టోబరులో తుపాను వచ్చి రెండు మూడు రోజులు ఏరు పొంగి దిగిపోతే ఆ పొంగు ఆ ముద్దలో కలిసిపోతుంది, మన జిల్లాలో కొలిచేదే ఆ పొంగు కోసం. ఇలాంటిదానికి చుక్కలు మానేసి 0.8 మందంతో గీత గీయండి, చుక్కలే కావాలంటే సైజు 2కి దించి ఆల్ఫా (చుక్క ఎంత ముదురుగా పడాలో చెప్పేది) 0.4 ఇవ్వండి. దీనికి విరుద్ధంగా పన్నెండు నమూనాలే ఉంటే 6, 7 సైజుతో ధైర్యంగా పెద్దగా పెట్టండి, ఒక్కొక్కటి మీరు ఎండలో వెళ్లి తెచ్చిన సీసా.

లెజెండ్‌లో గుర్తులు గ్రాఫులో ఉన్న సైజులోనే వస్తాయి, చిన్న చుక్కలు వాడినప్పుడు అవి లెజెండ్‌లో కనబడవు, అప్పుడు మార్కర్‌స్కేల్ 2 లేదా 3 ఇస్తే లెజెండ్‌లో మాత్రమే పెరుగుతాయి.

చోటు చాలక ఫాంట్ తగ్గించాలనిపించినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఆ టెక్కలి అమ్మాయి గ్రాఫులో ఎక్స్ యాక్సిస్ మీద కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ఉన్నాయి. ఏడు పేర్లూ పడవని ఫాంట్ 6 చేసి, అది కూడా చాలక నిలువుగా తిప్పింది. మెడ వంచి చదవాల్సిందే. కడ్డీలని అడ్డంగా పడుకోబెట్టే బార్‌హెచ్ వాడమన్నాను, పేర్లన్నీ ఎడమ పక్క వరసగా 9 పాయింట్లలో హాయిగా పట్టాయి, వజ్రపుకొత్తూరుతో సహా. అలాగే టిక్ నంబర్లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఫాంట్ తగ్గించకుండా టిక్కులు తగ్గించండి, మ్యాక్స్ ఎన్ లొకేటర్‌కి 5 ఇస్తే చాలు.

కమాండ్లతో గ్రాఫులు గీసే గ్నూప్లాట్ వాడేవాళ్లకి. ఇక్కడ ఏ రకం ఫైలు తీయాలో చెప్పే టెర్మినల్ లైనులోనే సగం పని ఉంది. ప్రింటుకి పీడీఎఫ్‌కైరో తీసుకుని సైజు సెంటీమీటర్లలోనే ఇవ్వండి, 14.5 సెం.మీ., 9.5 సెం.మీ. అని, అక్కడే ఫాంటు పేరు, కామా, సైజు కూడా. పీఎన్‌జీకైరోకి అంగుళాల్లో చెప్పినా అది అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కనే తీసుకుంటుంది, ప్రింటులో పిక్సెళ్లు పగులుతాయి. ఫాంట్‌స్కేల్ అని ఒకటుంది, అది అన్ని అక్షరాలనీ ఒకేసారి గుణిస్తుంది, ఒక పేజీ ప్రింటు తీసి స్కేలుతో కొలిచి దాన్ని సర్దుకోవడం తేలిక. విడివిడిగా కావాలంటే సెట్ ఎక్స్‌లేబుల్, సెట్ టిక్స్, సెట్ కీ మూడింటికీ ఫాంట్ అనే మాట ఇవ్వచ్చు, ఫాంటు పేరు ఖాళీగా వదిలి కామా తర్వాత సైజు మాత్రమే రాస్తే పాత ఫాంటే ఉంటుంది. గుర్తులకి సెట్ పాయింట్‌సైజ్ అన్నిటికీ కలిపి, ప్లాట్ లైనులో పీఎస్ ఒక్కోదానికి. ఇది గుణకం, పాయింటు కొలత కాదు. 1 అంటే టెర్మినల్ అనుకున్న మామూలు సైజు, 0.6 అంటే అందులో 0.6 వంతు. పీఎస్ వేరియబుల్ అంటే డేటా ఫైల్లోని ఇంకో కాలమ్ నుంచి సైజు తీసుకుంటుంది.

గ్రాఫులు గీసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఆరిజిన్‌లో ఒకే ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. గ్రాఫు పెట్టెని మూల పట్టుకుని లాగితే అక్షరాలు కూడా పెరుగుతూ తరుగుతూ ఉంటాయి, దాంతో డైలాగులో ఉన్న నంబరుకి కాగితం మీద ఉన్న నంబరుకి పొంతన ఉండదు. ప్లాట్ డీటెయిల్స్ తెరిచి, ఎడమ పక్క లేయర్ మీద నొక్కి, సైజు ట్యాబ్‌లో స్కేల్ ఎలిమెంట్స్ దగ్గర ఫిక్స్‌డ్ ఫ్యాక్టర్ ఎంచుకుని 1 పెట్టండి. ఇక పెట్టెని ఎంత లాగినా 10 అంటే 10. పేజీ సైజు కూడా అక్కడే, పేజీ స్థాయిలో, కాగితం కొలతకి మార్చుకోండి.

ఎక్సెల్‌లో అయితే చార్టు మీద నొక్కి ఫార్మాట్‌లో ఎత్తు వెడల్పులు టైపు చేయండి, మౌసుతో లాగొద్దు. మార్కర్ సైజు 2 నుంచి 72 వరకు దొరుకుతుంది.

తెలుగులో లేబుళ్లు పెట్టాలనుకునేవాళ్లు కొద్దిమందే ఉన్నా, నేను ప్రత్యేకంగా వాళ్ల కోసం రాస్తున్నాను. ఊళ్లో పంచాయతీ ఆఫీసు గోడ మీద బోరు నీళ్ల గ్రాఫు అతికించాలంటే అది తెలుగులోనే ఉండాలి, తాగేది ఆ ఊరివాళ్లు. డేజావూ శాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు, ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో శాన్స్ తెలుగు ఫాంటు పెట్టుకుంటే డబ్బాలు పోతాయి గానీ, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్లు చాలావాటిలో ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా అతకవు, "వజ్రపుకొత్తూరు" ముక్కలై పడుతుంది. రెండు దారులున్నాయి. ఎస్‌వీజీగా సేవ్ చేస్తూ ఎస్‌వీజీ డాట్ ఫాంట్‌టైప్‌కి నన్ అని ఇస్తే అక్షరాలు అక్షరాలుగానే ఫైల్లోకి వెళ్తాయి, ఇంక్‌స్కేప్‌లో గానీ బ్రౌజర్‌లో గానీ తెరిస్తే చక్కగా అతుకుతాయి, అక్కడినుంచి పీడీఎఫ్ తీసుకోవచ్చు. లేదా గ్నూప్లాట్ కైరో టెర్మినళ్లు వాడండి, అవి పాంగో అనే లైబ్రరీతో అక్షరాలు పేరుస్తాయి కాబట్టి తెలుగు నేరుగానే సరిగ్గా వస్తుంది. సైజు విషయంలో ఇంగ్లిష్‌కి పెట్టిన నంబరు తెలుగుకి చాలదు. పైన గుడి, కింద ఒత్తు, మధ్యలో అక్షరం, మూడు అంతస్తులు అదే ఎత్తులో ఇరుక్కోవాలి. ఇంగ్లిష్‌కి 9 పెట్టిన చోట తెలుగుకి 11 లేదా 12 పెడతాను, రెండు వరసల లేబుల్ అయితే లైన్‌స్పేసింగ్ 1.5 ఇస్తాను, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. విజయనగరం మహాకవి పేరు మీద గురజాడ అని ఒక ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది, పోస్టరు శీర్షికకి నాకు ఇష్టం, టిక్కుల దగ్గర మాత్రం నోటో వాడతాను.

స్లయిడ్లకి థీసిస్ బొమ్మ తీసుకెళ్లి అతికించకండి. పవర్‌పాయింట్ వెడల్పు స్లయిడు 13.33 అంగుళాలు, దానికి విడిగా ఫిగ్‌సైజ్, ఫాంటు 20, చుక్క 10, గీత 3 తో ఇంకో స్టైల్ ఫైలు రాసుకుంటే అదే ప్రోగ్రాము రెండుసార్లు నడుస్తుంది. వెనక బెంచీలో కూర్చుని మీరే ఒకసారి చూసుకోండి.

చివరిగా ప్రింటు తీయండి, తెర మీద చూసి ఏదీ ఖాయం చేయొద్దు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్లినా, విజయనగరంలో కోట దగ్గరికి వెళ్లినా, ప్రింటు పెట్టెలో ఫిట్ అని కాకుండా యాక్చువల్ సైజ్ అని ఉందో లేదో చూడమని అడగండి. ఫిట్ అని ఉంటే పేజీ మొత్తం కొద్దిగా కుంచించుకుపోతుంది, మీరు వేసిన లెక్క తప్పుతుంది. కాగితం చేతికి రాగానే అక్కడే నిలబడి స్కేలు పెట్టి బొమ్మ వెడల్పు కొలవండి, 5.7 అంగుళాలు అంటే 145 మి.మీ. రావాలి. అది సరిపోతే ఒక పెద్ద అక్షరం ఎత్తు కొలవండి, 2 మి.మీ. కంటే తక్కువుంటే ఇంటికెళ్లి ఫాంట్ డాట్ సైజ్ ఒక్క పాయింటు పెంచి మళ్లీ తీయండి. ఆపైన ఆ కాగితాన్ని అమ్మకో నాన్నకో ఇచ్చి టిక్ నంబర్లు పైకి చదవమనండి. ఆ అమ్మాయి వాళ్ల నాన్న కళ్లజోడు లేకుండా "ఒకటి, ఒకటిన్నర, రెండు" అని చదివేశారట, నిన్న ఫోన్ చేసి చెప్పింది.